రాగి మిరపకాయల ప్రధానం

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను "ఏం చదివావు బాబూ" అని అడిగితే "బస్సు బోర్డులు" అని చెప్పేవాణ్ణి. అవి కూడా బస్సు వెళ్ళిపోయాక వెనక నుంచి చదివినవే. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చి (ఆయన నన్ను రమ్మనేవారు, నేను వద్దనుకునేవాణ్ణి) బడి మానేసి, నల్లపాడు నుంచి రోజూ గుంటూరు వెళ్ళి ఒక మిర్చి కమీషన్ కొట్టులో పనిచేసేవాణ్ణి. బస్తాలోంచి నాలుగు మంచి కాయలు ఏరి, అరచేతిలో చుక్క నూనె వేసుకుని వాటిని మెరిసేలా నిమిరి, కొనేవాళ్ళ ముందు పెళ్ళికూతుళ్ళలా కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. వేరే పనిలో లేదు కాబట్టి దాన్నే గట్టిగా పట్టుకున్నాను.

కొట్టులో మధ్యాహ్నాలు బేరాలుండవు. ఫోన్లో వీడియోలు చూస్తుంటే ఒకాయన ఎండుటాకు మీద కరెంటుతో రాగి పొర పెంచి చెవిపోగు చేస్తున్నాడు. దాన్ని ఎలక్ట్రోఫార్మింగ్ అంటారట. ఆకుకి వార్నిష్ పట్టించి, ఆరాక కరెంటు పారే నల్లరంగు పూసి, కాస్త యాసిడ్ కలిపిన మైలుతుత్తం నీళ్ళలో వేలాడదీసి, ఆకుకి ఒక వైరు, పక్కనున్న రాగి రేకుకి ఇంకో వైరు తగిలిస్తే రేకులోని రాగి నెమ్మదిగా వెళ్ళి ఆకుని పట్టుకుంటుంది. మైలుతుత్తం మాకు కొత్తా, పొలంలో తెగుళ్ళకి కొట్టేదేగా. బ్యాటరీ యాసిడ్ అంటే మెకానిక్ షాపులో దొరుకుతుంది. అమ్మ ఊరగాయ జాడీ తీసుకున్నాను. ఆ జాడీలో మాగాయ తప్ప ఇంకోటి పడలేదని అమ్మ రెండు వీధులకి వినపడేలా మొత్తుకుంది. ఏదైతేనేం, ఒక వేపాకు నిజంగానే రాగి ఆకై కూర్చుంది. ఆ ఒక్క ఆకు చూసుకుని నేను నగల డిజైనర్నైపోయాను.

సరిగ్గా అప్పుడే అద్దంకి వైపు ఒక సంబంధం వచ్చింది. పిల్ల బడిలో టీచరు. నాకూ బడికీ ఉన్న సంబంధం మీకు చెప్పాను కదా. వాళ్ళింట్లో మాట చెల్లేది నాయనమ్మది. ఆవిడ నన్ను పైనుంచి కిందకి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి చూసి, చదువు ఎలాగూ లేదు, చేతిలో పనేమన్నా ఉందా అని అడిగారు. కొట్టులో కాయలు నిమురుతానని చెప్పబుద్ధి కాక నగలు చేస్తానన్నాను. జేబులోంచి రాగి ఆకు తీసి చూపించాను. అప్పటిదాకా తలెత్తని పిల్ల ఆ ఆకుని అటూ ఇటూ తిప్పి చూసి, తమ చేలో కాయలతో ఒక జత లోలాకులు చేసిమ్మని, అవి పెట్టుకునే ప్రధానానికి కూర్చుంటానని చెప్పింది. (మా క్రైస్తవుల్లో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు.) నాయనమ్మగారు వెంటనే తీర్పు చెప్పేశారు.

"చేస్తే ప్రధానం. చేయలేకపోయావనుకో, ఆ కాయలు మీ ఇంట్లో కారం పట్టించుకోండి."

ఒక గోతాం కాయలిచ్చి పంపారు. నాకా పిల్ల తెగ నచ్చింది. అంత నచ్చిన పిల్లని మిరపకాయ మీద పందెం కాశానని దారిపొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ముందు వచ్చిన చిక్కేమిటంటే, మిరపకాయ మునగదు. లోపలంతా డొల్ల. వేపాకు బుద్ధిగా మునిగింది, ఇది మాత్రం జాడీలో పడవలా తేలి నన్ను వెక్కిరించింది. మా వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే స్నేహితుడు ఒకడున్నాడు, అందరూ వాణ్ణి రీఛార్జి అంటారు. వాడొచ్చి, సన్న తీగ పనికిరాదని చెప్పి, మందపాటి రాగి తీగని జాడీ అంచుకి వంచి, దాంతో కాయని నీళ్ళలోకి అదిమిపట్టేలా కట్టాడు. మునిగింది. కానీ రాగి పట్టడానికి రాత్రి దాటి పగలొచ్చేలా ఉంది. నాకంత ఓపిక లేక కరెంటు పెంచే తగ్గించే పెట్టె నాబ్‌ని ఆఖరిదాకా తిప్పేసి అన్నానికెళ్ళాను. తిరిగొచ్చేసరికి కాయనిండా ముదురు గోధుమరంగు పొడి, గోరు తగిలితే రాలిపోతోంది. కాఫీ డికాషను పెట్టుకోవచ్చు. కరెంటు ఎక్కువైతే రాగి ఒద్దికగా అతుక్కోదురా, సినిమా టికెట్ల దగ్గర జనంలా ఒకదాని మీద ఒకటి పడుతుంది, నాబ్ తగ్గించు అని రీఛార్జి తిట్టాడు. తగ్గించాను. ఈసారి నల్లరంగు పూయని చోటల్లా రాగి పట్టక కన్నాలు తేలాయి. తొడిమ చుట్టూ ముడతల్లోకి సన్న కుంచె దూర్చి మళ్ళీ పూశాను.

చివరికి ఒక కాయ ఎర్రగా, నున్నగా, చూడముచ్చటగా బయటికొచ్చింది. అమ్మని పిలిచి చూపిద్దామని వేలితో పట్టుకున్నాను. రాగి పొర వార్నిష్‌తో సహా వడియంలా లేచి నా చేతిలోకొచ్చింది. లోపల కాయ చెక్కుచెదరకుండా నవ్వుతోంది. ఇంకోటి చేశాను, అదీ ఊడింది. కాయలు బాగాలేవేమోనని గోతాంలో మేలైనవన్నీ ఏరి, ఇంకా శ్రద్ధగా తయారుచేసి పెట్టుకున్నాను. వాటిలో రాగి పట్టించినవన్నీ ఊడాయి. ఇంట్లో రాగి వడియాలు పోగుపడ్డాయి. ప్రధానం ఆదివారం దగ్గరకొస్తోంది. గోతాంలో మిగిలిన కాయల్ని అమ్మ అప్పటికే కారం పట్టించేసింది (నాయనమ్మగారి తీర్పుని అందరికంటే ముందు అమలు చేసింది మా అమ్మే).

అలాంటప్పుడు పిల్ల ఫోన్ చేసింది. మెరుపంతా వస్తోంది కానీ ఒంటికి పట్టడం లేదని ఏడుపుగొంతుతో చెప్పాను. ఆ అమ్మాయి కంగారు పడలేదు. లెక్క తప్పొచ్చిన పిల్లల్ని అడిగినట్టే, వీడియో పెట్టి మొదట్నుంచి చేసి చూపించమంది. సరేనని ఫోన్ని గోడకానించి, ఏరి పెట్టుకున్న కాయ తీసి, అరచేతిలో చుక్క నూనె వేసుకుని, నా పనితనమంతా చూపిస్తూ నిమిరాను.

"ఆగండి. అదేంటి?"

"శాంపిల్ కాయ కదండీ. మెరవాలని."

ఆ అమ్మాయి ఫోన్ని మొహానికి దగ్గరగా లాక్కుంది.

"మీ ఇంటికి సున్నం వేసేముందు గోడకి కూడా నూనె రాస్తారా?"

అప్పుడు చూసుకున్నాను నా అరచేతిని. నిమిరిన కొద్దీ ఊడింది, ఊడిన కొద్దీ ఇంకాస్త నిమిరాను. నాకు బతుకునిచ్చిన చేతివాటమే నా పెళ్ళి చెడగొడుతోంది. మిగిలిన కాయలన్నీ ముందే నూనె పట్టి వరసగా పేర్చి ఉన్నాయి. సబ్బునీళ్ళతో కడిగితే మెత్తబడి పచ్చడికి సిద్ధమయ్యాయి. ఇక కొత్త కాయలు కావాలి, అవీ వాళ్ళ చేలోవే కావాలి. కొట్టులో బోలెడు కాయలున్నాయి, ఎవడికి తెలుస్తుందన్నాడు రీఛార్జి. నాకు తెలుస్తుంది కదరా అన్నాను. పొద్దున్నే అద్దంకి బస్సెక్కాను.

నాయనమ్మగారు కల్లంలో ఆరబోసిన కాయల మధ్య ముక్కాలిపీట వేసుకుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. నన్ను చూడగానే ఆవిడకి విషయం అర్థమైపోయింది.

"గోతాం కాయలూ అయిపోయాయా? లోలాకులు చేస్తున్నావా, పచ్చడి వ్యాపారం పెట్టావా?"

దారిలో మంచి అబద్ధం ఒకటి తయారుచేసుకున్నాను, ఎలుకలు కొట్టేశాయని. తీరా ఆవిడ కళ్ళు చూశాక అది నోట్లోంచి రాలేదు. నేను నగలవాణ్ణి కాదండీ మామ్మగారూ, కొట్టులో కాయలకి నూనె రాసేవాణ్ణి, అలవాటుగా వీటికీ రాసి పాడుచేశాను, ఇంకో నాలుగు కాయలిస్తే మళ్ళీ చేస్తాను అని నిలబడి మొత్తం చెప్పేశాను. అరుగు మీద పిల్లల పుస్తకాలు దిద్దుకుంటున్న టీచరుగారు తలెత్తకుండా వింటోంది. నాయనమ్మగారు తాలు కాయలు పక్కకి నెట్టి, దోసిట్లో మంచి కాయలు తీసి నా కండువాలో పోశారు.

"వీటినన్నా పొడిచేత్తో పట్టుకో."

ఆ ఆదివారానికి లోలాకులు అందాయి. ఊడలేదు, రాలలేదు. కాకపోతే చిన్న లోపం. రాగి రేకుకి దగ్గరగా ఉన్న కాయకి ఎక్కువ రాగి పట్టింది, మధ్యలో మార్చి పెట్టాలన్న సంగతి ఆ ఆనందంలో నాకు తట్టలేదు. ఒకటి పూచికలా తేలిక, ఇంకోటి తూకపురాయి. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆ అమ్మాయి తల ఎడమవైపుకి ఒరిగిపోయే ఉంది. చూసినవాళ్ళంతా పిల్లకెంత వినయమమ్మా అని మురిసిపోయారు. మా అమ్మయితే కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు మా వరండాలో జాడీల వరస ఉంది. పత్తికాయ, వేపపువ్వు, చింతాకు, ఏది తెచ్చినా రాగి తొడుగుతాను, నాబ్ జోలికి వెళ్ళను. ఆ జత మాత్రం అమ్మలేదు, బీరువాలో ఉంది. అప్పుడప్పుడూ తీసి చూస్తుంటాను. ఆ పొగరు, ఆ తొందర, నూనె కారే చేతుల్తో అరచేతిలో ప్రపంచం పట్టుకున్నాననుకున్న ఆ కుర్రాడు నాకు ఇప్పటికీ ముద్దుగానే ఉంటాడు. మొన్న అలా చూసుకుంటూ, ఎంతైనా ఈ లోలాకులు చూసే కదా నన్ను చేసుకున్నావు అని మా ఆవిణ్ణి కదిపాను. ఆవిడ పుస్తకాలు దిద్దడం ఆపలేదు.

"లోలాకులు చూసి కాదండీ. మా నాయనమ్మ ముందు నిలబడి తప్పు నాదేనని చెప్పారు చూడండి, అది చూసి. అదే మొదటిసారీ ఆఖరిసారీ అవుతుందని ఎవరనుకున్నారు?"