వెర్చెల్లిలో అమ్మ "చాలు" అన్న రోజు

ఇటలీలో చుట్టాలింట్లో దిగబోతున్నాం, అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, ఏమైనా జాగ్రత్తలు చెప్పండి అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను చూసిన ఇటలీ డెబ్భైల నాటిది. అప్పుడు మా అమ్మానాన్నలే నన్ను తీసుకెళ్లారు. అయినా చెబుతాను, ఎందుకంటే అక్కడ మాకు తగిలిన షాకులు ఈ రోజుల్లోనూ ఎవరికైనా తగలొచ్చు.

లూర్దు పిన్ని మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. నర్సు చదువు అవగానే మా చర్చి విచారణ ఫాదర్‌గారి సాయంతో ఇటలీ ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్లి, అక్కడే కరెంటు పనిచేసే పావులోని పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లికి మా వైపు నుంచి ఒక్కరూ వెళ్లలేకపోయారు. అమ్మమ్మా తాతయ్యా అప్పటికే లేరు కాబట్టి పిన్నికి తల్లయినా అక్కయినా మా అమ్మే. బాగున్నానని పిన్ని ఎన్నిసార్లు రాసినా అమ్మ నమ్మేది కాదు. "అత్తారింట్లో ఉన్న పిల్ల బాగున్నాననక ఇంకేమంటుంది? నా కళ్లతో చూడాలి. బాగుంటే సరే, లేకపోతే దాన్ని వెంటబెట్టుకునే వస్తా" అని నాన్నతో తెగేసి చెప్పింది. పావులో బాబాయి మా ముగ్గురికీ టిక్కెట్లు పంపాడు. నా ఇంటర్ పరీక్షలు కాగానే బయల్దేరాం.

విజయవాడలో రైలెక్కి, సికింద్రాబాదులో బండి మారి బొంబాయి చేరాం. అక్కడి నుంచి రోముకు విమానం, రోము నుంచి మిలానుకు దాదాపు పగలంతా రైలు. అప్పట్లో మన ప్రభుత్వం ఇచ్చే విదేశీ మారకం హోటల్లో ఒక రాత్రికి కూడా చాలదు, కాబట్టి చుట్టాలిల్లు తప్ప గతి లేదు. మిలానులో పిన్నీ బాబాయీ ఎదురొచ్చారు. వెర్చెల్లి ఊరికి ఇంకో గంట ప్రయాణం. టిక్కెట్టు మనిషికి వెయ్యి లీరాలనగానే నాన్న గుండె పట్టుకున్నారు. "వెయ్యా!" అంటే, "కంగారుపడకండి బావగారూ, మన పది పన్నెండు రూపాయలే" అంది పిన్ని. అసలు షాకు కిటికీలోంచి కనబడింది. ఎటు చూసినా వరిపొలాలు! నీళ్లు నింపిన మళ్లు, గట్లు, కాలవలు. నాన్న విజయవాడ వన్ టౌన్‌లో బియ్యం గోదాములో గుమస్తా, పుట్టింది చల్లపల్లి పక్కన. "ఇదేంటే, ఇంత దూరం వచ్చి మళ్లీ మనూళ్లోనే దిగామా?" అని నోరు తెరిచారు.

పిన్ని అత్తగారు పొడుగాటి మనిషి, నల్ల గౌను, పెద్ద గొంతు. గుమ్మంలోనే మా ముగ్గురి బుగ్గల మీదా ముద్దులు పెట్టేసింది. నాన్న రెండడుగులు వెనక్కి వేశారు గానీ తప్పించుకోలేకపోయారు. అదైనా నయం. రాత్రి భోజనాల దగ్గర పిన్ని వంటింట్లోంచి గిన్నెలు మోస్తుంటే ఆవిడ బల్ల మీద చరిచి, "బస్తా, లూర్దూ! బస్తా!" అని అరిచింది. ముగ్గురం మొహాలు చూసుకున్నాం. పెళ్లయ్యాక పిన్ని కాస్త ఒళ్లు చేసిన మాట నిజమే. అయితే మాత్రం, పుట్టింటివాళ్ల ఎదురుగా కోడల్ని బస్తా అంటారా? పిన్ని మాత్రం నవ్వుతూ కూర్చుంది. "అలవాటైపోయింది కాబోలు పిచ్చిదానికి" అని అమ్మ గదిలోకొచ్చి కళ్లు తుడుచుకుంది.

పొద్దున పిన్ని డ్యూటీకి వెళ్తుంటే అంతకన్నా ఘోరం జరిగింది. ఆవిడ కిటికీలోంచి సగం బయటికి వంగి, వీధంతా వినబడేలా "చావ్, లూర్దూ! చావ్, చావ్!" అని కేకేసింది. వెళ్లేవాళ్లని వెనక్కి పిలిస్తేనే తప్పు మనకు, అలాంటిది చావమని సాగనంపుతారా! "విన్నారా?" అంది అమ్మ. "విన్నాను" అన్నారు నాన్న.

మధ్యాహ్నం ఇంట్లో మేం ముగ్గురం, ఆవిడ. బాబాయి కూడా పనిలోకి వెళ్లాడు. చిక్కుళ్లు వేసి వండిన అన్నం వడ్డించింది. నోట్లో పెట్టుకుంటే పలుకు, గింజ పంటికి తగులుతోంది. "సగం ఉడికిన అన్నం పెట్టిందండీ మనకి" అని అమ్మ గొణిగింది. మర్యాదకి నాలుగు ముద్దలు మింగింది. ఆవిడ మళ్లీ గరిటె ఎత్తేసరికి చెయ్యి అడ్డంగా ఊపుతూ, "చాలు చాలు" అంది.

ఆవిడ గరిటె గాల్లోనే ఆగిపోయింది. మొహం పాలిపోయింది. అమ్మ వైపు వేలు చూపించి, "చావ్?" అంది. మళ్లీ ఇంకా గట్టిగా, "చావ్?" అంది. అమ్మ చెంచా కింద పడేసి లేచింది. ఆవిడా ఏడుపు మొహంతో వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. "తొందరపడకే" అని నాన్న అంటూనే ఉన్నారు, అమ్మ పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

పిన్ని వచ్చేసరికి పెట్టెలు గుమ్మంలో ఉన్నాయి.

"ఏమైందక్కా?"

"నీ బట్టలు సర్దుకో, మనూరు పోదాం. నిన్ను బస్తా అంది, ఊరుకున్నా. పొద్దున్నే చావమని సాగనంపింది, పళ్లు కొరుక్కున్నా. ఇప్పుడు నన్నూ చావమంది లూర్దూ! చాలన్న పాపానికి చావమంది!"

పిన్ని మా పెట్టె మీదే కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. "ఓ అక్కా, బస్తా అంటే వీళ్ల భాషలో చాలు అని. చేసిన పని చాలు, కూర్చో అంది నన్ను. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చెప్పే మాట చావ్. మనం వెళ్లొస్తాం అనమూ, అలాంటిది. నువ్వు చెయ్యూపి చాలు అంటే ఆవిడకి చావ్ అనే వినబడి ఉంటుంది."

వంటింటి తలుపు తీసి అత్తగారికి ఈ కథంతా చెప్పింది. చావు అంటే తెలుగులో ఏమిటో వినగానే ఆవిడ గబగబా సిలువ గుర్తు వేసుకుంది. ఏళ్ల తరబడి ఆ మాటతోనే కోడల్ని సాగనంపుతోందట. తర్వాత మెల్లగా ఏదో అడిగింది. పిన్ని గొంతు తగ్గించి మాకు చెప్పింది: "నాలుగు ముద్దలు తిని మీ అక్క వెళ్లిపోతానంది, నిన్ను తీసుకుపోవడానికే వచ్చిందా అని అడుగుతోందక్కా. మీరొచ్చినప్పట్నుంచీ ఆవిడ భయం అదేనట."

అమ్మ వచ్చింది అందుకే కదా. వెళ్లి బల్ల దగ్గర కూర్చుంది. వాళ్ల పద్ధతిలో పలుకుగానే వండిన ఆ చల్లారిన అన్నం తనే వడ్డించుకుని చివరి మెతుకు దాకా తిని, "బస్తా, అత్తయ్యగారూ" అంది. "బస్తా అంటే చాలని మన గోదాములో చెబితే హమాలీలు సగం సరుకు దింపేసి ఇంటికి పోతారే" అని నాన్న ఒకటే నవ్వు. పెట్టెలు మళ్లీ గదిలోకి చేరాయి. ఆ నెలంతా అమ్మ, ఆవిడ ఒకే పొయ్యి దగ్గర ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు. పిన్ని మా వెంట రాలేదు, అమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తిరుగు ప్రయాణంలో వెర్చెల్లి స్టేషన్లో రైలు కదులుతుంటే పెద్దావిడ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది, అలవాటు కొద్దీ ఆ మాట ఎక్కడ జారిపోతుందోనని. "నువ్వే ఆ మాట అనచ్చుగా అక్కా, వాళ్ల మర్యాద అది" అని పిన్ని నవ్వినా అమ్మ ఒప్పుకోలేదు. "నా నోటితో అనలేనే" అని కిటికీలోంచి చెయ్యూపుతూ "వెళ్లొస్తాం అత్తయ్యగారూ" అంది.

ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోనే మాటలన్నీ అనువదించి పెడుతుంది, నిజమే. కానీ అన్నం బల్ల దగ్గర, వీధి గుమ్మంలో ఫోను తీసేంత వ్యవధి ఉండదు. అందుకే నా సలహా ఒక్కటే: చేరిన మొదటి సాయంత్రమే ఆ ఇంట్లో చాలు అని ఎలా అంటారో, వెళ్లొస్తాం అని ఎలా అంటారో అందరి ముందూ అడిగి, మీ అమ్మానాన్నల చేత పైకి అనిపించండి. మా అమ్మ మాత్రం ఆ రెండో మాట ఎంతో కాలం అనలేదు. కొన్నేళ్లకు పిన్ని ఫోన్ చేసి, అత్తగారు పోయిందక్కా అని చెప్పింది. అమ్మ ఫోన్ పెట్టేసి వీధి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. చెయ్యి ఎత్తి, ఎవరూ లేని వీధిలోకి మెల్లగా ఊపి, "చావ్, అత్తయ్యగారూ" అంది.