చావు లేని ఊరిని అల్లిన పెద్దనాయన

మొన్న బుధవారం పొద్దున మా పక్కింటి పెద్దనాయన పోయాడు. మూడు రోజుల జ్వరం, అంతే. గద్వాలలో నాకు మగ్గం నేర్పింది ఆయనే. ఆ మూడు రోజులూ నేను ఆయన గడప తొక్కలేదు. ఒక కథ దగ్గర కొట్లాడి వచ్చాను. కథ కోసం కొట్లాటేమిటని మీరు నవ్వినా సరే.

నా చేతిలో పోగు తెగిన ప్రతిసారీ ఆయన వేలు తడి చేసుకుని ముడి వేసి చూపేవాడు. "తెగకుంటే ముడేసుడు ఎట్ల వస్తదిరా" అనేవాడు. తిట్టింది లేదు.

ఈ ప్రపంచ యుద్ధంలో నూలు దొరక్క మగ్గాలు ఆగినప్పుడు, ఖాళీ మగ్గం ముందు కూర్చుని ఒక ఊరి సంగతి మొదలుపెట్టాడు. ఆ ఊరి దొర అందరికీ ఏదో మందు తాగించి చావు లేకుండా చేశాడు; ఊరి పొలిమేర దాటితే ఆ మందు పనిచెయ్యదు. చావు లేదు కాబట్టి పనికీ ఆపు లేదు. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్న నేను అదంతా నోటుబుక్కులో ఎక్కించాను.

ఒకనాడు అన్నాను: "సావు లేకుంటే మంచిదే గద పెద్దనాయినా. మా అమ్మ ఉంటుండె."

"ఉంటుండె బిడ్డా. రాట్నం కాడనే ఉంటుండె. చెయ్యి గుంజుతుందంటే ఎవలు లెవ్వనిస్తరు?" మగ్గం మీది దుమ్ము తుడిచాడు. "ఆ ఊర్లె తిన్నవా అని ఎవ్వలడగరు. తినకున్నా సావరు గద."

నాకు ఒళ్లు మండింది. రోజూ గడప గడపకూ అడుగుకునే 'తిన్నవా' అన్న మాట వెనక చావు ఉందంటే ఎలా ఒప్పుకోవాలి? ఇప్పుడైనా ఒప్పుకున్నానో లేదో నాకే తెలియదు.

ముగింపు దగ్గర కొట్లాట ముదిరింది. ఊరంతా లేచి దొరను తన్నాలని నేను. ఒక్క మనిషి ఊరు దాటితే చాలని ఆయన.

"దాటి ఏం జేస్తడు? సస్తడు. గంతేనా?"

"గంతే. జర కూసో, చెప్త."

"నీ ముసలి కథ నువ్వే ఉంచుకో" అని లేచి వచ్చాను. ఆయనతో నా ఆఖరి మాట అదే.

నోటుబుక్కులో కథ అక్కడే ఆగిపోయింది. నిన్న ఆయన ఇంటికి పోయి పెద్దమ్మను అడిగాను, ఆ మనిషి ఏమయ్యాడో నీకైనా చెప్పాడా అని.

"చెప్పిండు. ఊరు దాటంగనే వాన కొట్టిందంట. తడిసి దగ్గు పట్టుకుందంట. దగ్గు వచ్చిందని నవ్వుకుంట పోయిండంట."

ఇది ఆయన చెప్పిందో, నా మొహం చూసి ఆమె అప్పటికప్పుడు అల్లిందో తెలియదు. అడగలేదు. అట్లాగే రాసుకున్నాను. దొర బతికే ఉన్నాడన్న కోపం మాత్రం అలాగే ఉంది.

నేను రాస్తుంటే ఆమె మగ్గం గుంతలోకి దిగి కూర్చుని, ఆయన కాళ్లు పెట్టే చోటు ఊడ్చింది. నేల మీద ఆమె తల ఒక్కటే కనిపించింది. వంగినప్పుడల్లా అదీ కనిపించలేదు.