చుట్టం వచ్చినా తగ్గని బియ్యం

పలాసలో రైల్వే గేటు దాటాక వచ్చే చిన్న వీధిలో పొదుపు అంటే మగ్దలీన పేరే చెప్పేవారు. ఆమె భర్త షాలేమ్ రాజు రైల్వేలో గ్యాంగ్‌మన్. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ తాటాకు పాకలో కాపురం పెట్టారు. ఆ పాక పోయి శ్లాబు ఇల్లు లేచిందంటే అది తన జీతం గొప్ప కాదని, మగ్దలీన చెయ్యి గొప్పని షాలేమ్ రాజే నలుగురిలో చెప్పేవాడు.

ఆ ఇంట్లో ఏదీ ఊరికే పోయేది కాదు. అరిగిన సబ్బు ముక్కలు తడిపి ఉండ చేసి బట్టలకు వాడేది. బీరకాయ తొక్కు పచ్చడయ్యేది. బియ్యం కడిగిన నీళ్లు పెరట్లో ములగచెట్టుకు పోసేది. తుపానుకు ఉద్దానంలో కొబ్బరితోటలు కూలినప్పుడు ఎండిన మట్టలు చవగ్గా వస్తే బండెడు కొని, ఆ ఏడాదంతా గ్యాసు ముట్టకుండా వంట చేసింది. కూరగాయలకు పొద్దుగూకే వేళే బజారుకు వెళ్లేది. అప్పటికి అమ్మేవాళ్లు మిగిలినవి కుప్ప పోసి ఎంతకో ఒకంతకు ఇచ్చేసి ఇళ్లకు పోవాలని చూస్తుంటారు. కోతలయ్యాక టెక్కలి వైపు రైతు దగ్గర ఏడాదికి సరిపడా సన్నబియ్యం ఒకేసారి కొని, ఇనప డ్రమ్ములో పోసి, వేపాకు వేసి మూత బిగించేది.

అన్నం ఎప్పుడూ తనే వడ్డించేది. గిన్నె అందరి మధ్యా పెట్టడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. మధ్యలో పెడితే ఎవరెంత తిన్నారో తెలియదని అనేది.

2003 వేసవిలో షాలేమ్ రాజు అప్ప మంగమ్మ ఆ ఇంటికి వచ్చింది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచిన అక్క ఆమె. నౌపడ ఉప్పు మడుల్లో కూలి పని. ఏళ్ల తరబడి ఎండలో తెల్లటి ఉప్పును చూసి చూసి కళ్లు పాడయ్యాయని ఆమె అనేది. డాక్టరు శుక్లం అన్నాడు. పలాసలో ఆపరేషన్ చేసి, కొన్నాళ్లు ఎండకూ పొగకూ దూరంగా ఉండమన్నారు. షాలేమ్ రాజు ఆమెను నౌపడ వెళ్లనివ్వలేదు. కన్ను కుదుటపడేదాకా మా ఇంట్లోనే ఉండమన్నాడు.

మగ్దలీన కాదనలేదు. వేళకు కంట్లో చుక్కలు వేసేది, నులక మంచం నీడలోకి జరిపేది, చీరలు ఉతికి పెట్టేది. భోజనాల దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఎప్పటి చెయ్యే. రెండో గరిటె వేసి, ఇంకా కావాలా వదినా అని అడిగేది. అడిగేటప్పటికే గిన్నె మీద మూత పెట్టేసేది. మంగమ్మ చాలమ్మా అనేది. ఉప్పు మోసిన మనిషికి ఆ తిండి ఏ మూలకని మగ్దలీనకు తట్టలేదు.

ఇంట్లో ఒక మనిషి పెరిగినా డ్రమ్ములో బియ్యం అనుకున్నంత తగ్గలేదు. అది చూసి మగ్దలీనకు లోలోపల గర్వంగా ఉండేది. బియ్యంలో అక్కడక్కడ ముతక గింజలు కనిపిస్తే, టెక్కలి రైతు మోసం చేసి కలిపాడని విసుక్కుని, రాళ్లు ఏరి వండేసేది.

వాళ్లు వెళ్లే బాప్టిస్టు చర్చిలో స్త్రీలు వంట చేసిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆదివారం వాటిని చర్చికి తెస్తే, లేనివాళ్లకు పంచుతారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు స్త్రీలను కూర్చోబెట్టి, ధరలు మండిపోతున్నాయి, ఇల్లు పొదుపుగా ఎలా నడపాలో మన మగ్దలీనమ్మ చెబుతుంది వినండి అన్నారు. మంగమ్మ కూడా నల్లద్దాలు పెట్టుకుని వెనక చాపమీద కూర్చుంది.

మగ్దలీన లేచి సబ్బు ఉండల గురించి, బీర తొక్కు గురించి, సాయంత్రం బజారు గురించి చెప్పింది. అందరూ నవ్వుతూ విన్నారు. కొందరు మళ్లీ అడిగి తెలుసుకున్నారు. ఆ ఉత్సాహంలో ఆమె మరో మాట అంది.

"సేతిలో ఉంటాదమ్మా అంతా. మా వదిన వచ్చి ఇన్నాళ్లయింది. అయినా నా డ్రమ్ములో బియ్యం తగ్గనేదు."

కొందరు వెనక్కి తిరిగి మంగమ్మను చూశారు. మంగమ్మ తల వంచుకుని చీర కొంగు సర్దుకుంది. మగ్దలీన అది గమనించలేదు.

తర్వాత అందరూ పిడికెడు బియ్యం సంచులు తెచ్చి పెద్ద పళ్లెంలో పోశారు. బియ్యం కొలిచి బస్తాకెత్తే పని బేబిది. మగ్దలీన సంచి పోయగానే బేబి గింజలు అరచేతిలోకి తీసుకుని చూసింది.

"అక్కా, ఇందులో కోటా బియ్యం కలిసున్నాయి. మీది గులాబీ కార్డు కదా. నీకెక్కడివి?"

చౌకడిపో బియ్యం తెల్లకార్డున్న పేదవాళ్లకే ఇస్తారు. వాళ్ల దగ్గర చాటుగా కొనుక్కునేవాళ్లు ఊళ్లో ఉన్నారని అందరికీ తెలుసు. బేబి ఆ మాట అనలేదు గానీ, అడిగిన తీరులో అది ఉంది. మగ్దలీన ముఖం ఎర్రబడింది. పేదవాళ్ల బియ్యం కొనే గతి తనకు పట్టలేదని, ఇది టెక్కలి రైతు చేసిన పని అని గట్టిగా చెప్పింది. ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు.

అప్పుడు మంగమ్మ గోడ పట్టుకుని లేచింది.

"అయి నా బియ్యమమ్మా. ఆ పిల్లనేటి అనకండి. నానే కలిపీసినాను."

నౌపడలో ఆమె పక్కింటి అసిరయ్య పలాస బజారుకు ఎండుచేపలు తెస్తాడు. ఆమె కార్డు మీద బియ్యం విడిపించి ఆ బుట్టలతో పాటే తెచ్చి ఇచ్చేవాడు. మగ్దలీన సాయంత్రం బజారుకు వెళ్లగానే మంగమ్మ ఆ బియ్యం డ్రమ్ములో పోసి చేత్తో కలిపేసేది. ఎందుకలా చేశావని పాస్టరమ్మగారు మెల్లగా అడిగారు.

"తమ్ముడికి ఇబ్బందిగా ఉందేమో అనుకున్నానమ్మా. అడిగితే సిన్నబుచ్చుకుంటాడని సెప్పనేదు. మొన్న ఇల్లు కట్టినారు కదా, అప్పులేటైనా ఉన్నాయేమో అనుకున్నాను. అన్నం గిన్నె మీద ఎంటనే మూత పెట్టేత్తంటే నానింకేటి అనుకోను?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే మగ్దలీనకు ఎటు చూడాలో తెలియలేదు. బేబి పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. పాస్టరమ్మగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నందుకు మగ్దలీన దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

ఇంటికి వచ్చాక డ్రమ్ము మూత తీసి చెయ్యి లోపలికంటా పెట్టింది. సన్నవీ ముతకవీ కలిసి పైకి వచ్చాయి. చేతికి వచ్చిన గింజల్లో సగం వదినవే. తను ఆ మనిషి బియ్యమే వండి, ఆ మనిషికే కొలిచి పెట్టి, పైగా నలుగురిలో గొప్ప చెప్పుకుంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన షాలేమ్ రాజుకు సంగతి ఆమే చెప్పింది. తిడతాడేమోనని చూసింది. అతను తిట్టలేదు. తన పళ్లెం పక్కకు జరిపి, "అప్పకి ఆకలేస్తుందని నాకైనా తెలియాలి కదా" అని మాత్రం అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

సాయంత్రం మగ్దలీన కోడికూర వండి, అన్నం గిన్నె మధ్యలో పెట్టింది. మంగమ్మ ఎప్పటిలాగే కొంచెం తిని చెయ్యి కడుక్కుంది. మరునాడూ అంతే. బతిమాలి వేస్తే పళ్లెంలో మిగిల్చేది. ఇప్పుడు ఏం పెట్టినా అది జరిగినదానికి పరిహారంగా పెట్టినట్టే ఉందని మగ్దలీనకు అర్థమైంది. కన్ను పూర్తిగా బాగుపడకముందే మంగమ్మ అసిరయ్యతో నౌపడ వెళ్లిపోయింది.

తర్వాత చాలా వారాలు మగ్దలీన చర్చిలో చివర కూర్చుని, అందరికన్నా ముందే ఇంటికి వచ్చేసేది. ఒకరోజు ఉండబట్టలేక పాసింజరెక్కి నౌపడ వెళ్లింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లింది. మంగమ్మ ఆమెను చూసి సంతోషించి, కాళ్లకు నీళ్లిచ్చి, చాప వేసి, వెంటనే భోజనం పెట్టింది. ముతక బియ్యపు అన్నం, ఎండునెత్తళ్లు వేసిన వంకాయ కూర. కంచం ఖాళీ కాకముందే మళ్లీ మళ్లీ వడ్డించింది. మగ్దలీన తలెత్తకుండానే తప్పయిపోయింది వదినా అంది.

"నువ్వు దాసిపెట్టబట్టే కదా నా తమ్ముడు శ్లాబు కింద పడుకుంటన్నాడు. దానికి నిన్నేటి అంటాను?" అంది మంగమ్మ. గరిటె గిన్నెలో పెట్టింది. "ఒకటే మాట సెప్తాను, ఏటనుకోకు. ఒడ్డించినప్పుడు నువ్వు గరిటెనే సూసీదానివి. ఒక్కపాలైనా నా మొకం సూడనేదు."

మగ్దలీన కంచంలో ఉన్నదంతా తిని, లేచి తనే కంచం కడిగి పెట్టింది. తిరుగు పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పలాస దగ్గరపడేదాకా ఏడ్చింది.

పలాసలో దిగేసరికి షాలేమ్ రాజు ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. అప్ప ఏమందని అడిగాడు. కడుపునిండా అన్నం పెట్టిందని చెప్పి, మగ్దలీన అతనికన్నా ముందు నడిచింది.