సాక్షి సబ్బు

సబ్బుల పెద్దమ్మ చేతికి కళ్ళతో పనిలేదన్నది ఆ వీధిలో అందరూ ఒప్పుకున్న మాట. నూనెలో క్షారం నీళ్ళు పోసి కలిపేటప్పుడు కర్రకు తగిలే బరువును బట్టే "ఇక చాలు" అనేది. గట్టిపడ్డ దిమ్మను తీగతో కోస్తే ముక్కకూ ముక్కకూ తేడా ఉండేది కాదు. బద్దల అరల మీద నలభై రోజులు ఆరిన సబ్బును నాలుక కొసతో తాకి, "చురుక్కుమంటోంది, ఇంకో వారం ఆగాలి" అంటే, ఇంకో వారం ఆగాల్సిందే.

చదివింది ఐదో తరగతి, అదీ పల్లెటూరి బడిలో. ఇరవయ్యో ఎక్కం తడబడకుండా అప్పజెప్పి మాస్టారి చేత శభాష్ అనిపించుకున్న సంగతి, వినేవాళ్ళు దొరికితే ఇప్పటికీ చెబుతుంది. దొరక్కపోతే సబ్బులకు చెప్పుకుంటుందని కోడలి వేళాకోళం.

నలభై రెండేళ్ళలో ఆవిడ సాధించింది తక్కువేమీ కాదు. ఒక్క గంగాళంతో మొదలుపెట్టింది. భర్త పోయినప్పుడు కొడుక్కి పదేళ్ళు, గంగాళాలు మూడు. ఆ మూడు గంగాళాలతోనే పిల్లవాణ్ణి చదివించి, రైలు ఇంజను నడిపేవాణ్ణి చేసింది. నిమ్మగడ్డి సబ్బు, గులాబీ సబ్బు, ఓట్స్ పిండి సబ్బు, ఇవన్నీ ఆవిడ సొంత కొలతలు, ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఊళ్ళోకి పెద్ద కంపెనీ సబ్బులు బస్తాల కొద్దీ వచ్చిపడ్డ ఏడాది, "పెద్దమ్మ పని అయిపోయింది" అన్నవాళ్ళే మరుసటి ఏడాది వాకిట్లో వరుసగా నిలబడ్డారు. ఒక్క తట్ట కూడా పాడైందన్న మాట ఆవిడ చరిత్రలో లేదు.

ఇన్ని చేసిన మనిషి తన స్నానం మాత్రం ఐదు చెంబుల్లో ముగించేది. "ఒళ్ళు తడిసిందా, మురికి పోయిందా, బయటికి వచ్చామా. దానికో సంబరం ఎందుకు?" అనేది.

సంబరం కోడలిది. వీధి మలుపులో ఆ అమ్మాయికి ఒక కొట్టు ఉంది. ఎడమ పక్క అరల్లో కొత్తగా వచ్చిన నవలలు, కుడి పక్క స్నానపు సామాన్లు: అత్తగారి సబ్బులు, నీళ్ళలో కలుపుకునే ఉప్పు, ఒంటినూనెలు, సువాసన కొవ్వొత్తులు. ఒక నవల, ఒక సబ్బు, ఒక ఉప్పు పొట్లం కలిపి పెట్టెలో పెట్టి, పైన "ఒక సాయంత్రం మీకోసం" అని చీటీ అంటించేది. పని నుంచి అలిసి వచ్చినవాళ్ళు తలుపేసుకుని, వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని, నాలుగు పేజీలు చదువుకోవాలని ఆ అమ్మాయి ఆలోచన.

"స్నానానికి పుస్తకం ఎందుకే? వీపు రుద్దుకోవడానికా?" అని పెద్దమ్మ మొదటిరోజే ఎకసెక్కం ఆడింది.

"మీరొక్కసారి కూర్చుని చూడండి అత్తయ్యా, అప్పుడు మాట్లాడండి."

"కూర్చుంటే నీ పెట్టెల్లోకి సబ్బు ఎవరు చేస్తారు, నీ మొగుడా?"

కొట్టులో నమూనాగా పెట్టిన తెల్లటి తొట్టిని, చోటు చాలక, కోడలు ఇంటి స్నానాల గదికి చేర్చి పన్నెండేళ్ళయింది. ఆ పన్నెండేళ్ళూ పెద్దమ్మ అందులో చెక్క అచ్చులు నానబెట్టింది.

సబ్బు చుట్టడంలోనూ పెద్దమ్మకొక పద్ధతి ఉంది. లోపల మైనపు కాగితం, పైన అచ్చు కాగితం, ఆపైన అడ్డంగా నిలువుగా నూలు దారం. జిగురు పనికిరాదు; జిగురు వాసన సబ్బు వాసనను తినేస్తుందంటుంది. పైకాగితం ఎదురింటి మరిది ఇచ్చేది. ఆయనది చిన్న అచ్చు యంత్రం. సిరా అలికినవీ, వంకరగా పడినవీ ద్వారానికి ఎడంపక్క బల్లమీద పడేస్తాడు. మంచివి కుడిపక్క. పెద్దమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి ఎడమ బల్లమీది కట్ట చంకన పెట్టుకుని వచ్చేస్తుంది. కళ్ళజోడు తూకం దగ్గర తప్ప పెట్టుకోదు. కాగితం మీద ఏముందో ఆవిడకెందుకు? కొన్నవాళ్ళు మాత్రం చుట్టిన కాగితాన్ని కూడా చదివేవాళ్ళు. స్నానాల గదిలో అంతకన్నా చదవడానికి ఏముంటుంది?

ఇక అసలు సంగతి.

ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ ఆరేళ్ళపాటు డ్యూటీ దిగాక బస్సులో కూర్చుని ఒక నవల రాసింది. ఒకే మేడలో కింద అక్క, పైన చెల్లెలు. ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. అదీ కథ. మొదటి పుస్తకం. రెండు వందల ప్రతులు మరిది దగ్గరే అచ్చయ్యాయి. ఆదివారం సాయంత్రం కోడలి కొట్టులో విడుదల. ఆ ఒక్క సాయంత్రం కోసం ఆవిడ నలుగురితో డ్యూటీలు మార్చుకుంది.

కథ అనుకున్నదానికన్నా కాస్త పెరిగింది. అందుకని ఆఖరి నాలుగు పేజీలను మరిది వేరే చిన్న కాగితాల మీద వేశాడు. అదే వారంలో వాన పడి, యంత్రం గదిలో కుడిపక్క కప్పు కారింది. మంచి కాగితాలు తడుస్తాయని బల్లలు రెండూ అటుదిటు చేశాడు. ఎదురింటి వదినగారికి ఆ ముక్క చెప్పాలని ఆయనకు తోచలేదు.

సోమవారం పొద్దున పెద్దమ్మ ఎడమ బల్లమీది కట్ట తెచ్చుకుంది. సరిగ్గా సబ్బుకు సరిపోయే కొలత! "ఈసారి మన మరిదికి బుద్ధి వచ్చింది. కత్తిరించే పని తప్పించాడు" అని మురిసిపోతూ, కొత్త నిమ్మగడ్డి తట్టలోని రెండు వందల సబ్బులూ మధ్యాహ్నానికల్లా చుట్టేసింది.

గురువారం పుస్తకాలు కుట్టడానికి కూర్చున్న మరిది లబోదిబోమంటూ వీధి దాటి వచ్చాడు.

"వదినా! ఎడమ బల్లమీది కాగితాలేమైనా తీశారా?"

"రోజూ తీసేదేగా. ఏం?"

"అవి మంచివి వదినా! నర్సమ్మగారి పుస్తకం ఆఖరి పేజీలు!"

పెద్దమ్మ చేతిలో దారపు ఉండ కింద పడి గది మూల దాకా దొర్లింది. అరమీద మిగిలిన ఒక సబ్బు తీసి, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. అచ్చు చక్కగా, నల్లగా, అద్దంలా ఉంది. ఎక్కడా అలుకు లేదు. గుడ్డివాడికైనా తెలిసేంత మంచి కాగితం.

"మళ్ళీ వెయ్యలేవా?"

"యంత్రం రోలరు బాగుచేయించడానికి పంపాను. వారం పడుతుంది. ఈ కాగితం దొరకడానికి పది రోజులు." మరిది గుమ్మంలో కూలబడ్డాడు. "బల్ల తిప్పిందీ నేనే, చెప్పందీ నేనే. ఆవిడతో నా తప్పేనని చెప్పేస్తాను. మీ పేరు రానివ్వను."

నలభై రెండేళ్ళ పేరు. ఆ మాట వినగానే పెద్దమ్మకు ప్రాణం కాస్త లేచివచ్చిన మాట నిజం. ఊరుకుంటే సరిపోయేది. కానీ దారపు ఉండ తెచ్చుకోవడానికి గది మూలకు వెళ్ళి వంగి లేచేసరికి ఆవిడ ముఖం మారింది.

"బల్ల తిప్పింది నువ్వు. చూడకుండా తీసింది నేను. ఎవరి తప్పు వాళ్ళు మోసుకుందాం గానీ, లే. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది."

జిగురు వాడని పద్ధతి ఆరోజు ఆదుకుంది. ఇంట్లో అరమీదిదీ, కోడలి కొట్టులోవీ కలిపి నూట ముప్ఫై ఉన్నాయి. దారం విప్పి, కాగితం ఊడదీసి, సబ్బుకు మామూలు కాగితం చుట్టారు. రైలు స్టేషను దగ్గరి లాడ్జికి యాభై వెళ్ళాయి. అక్కడి మేనేజరు గదిగదికీ తిరిగి ఏరి ఇచ్చాడు; స్నానాల గదుల్లో చిట్టి చిట్టి మేకులకు గుచ్చి ఉన్నవి కూడా తెచ్చాడు. మిగిలినవి ఇరవై, జనం ఇళ్ళలో. ఆ ఇళ్ళకు పెద్దమ్మే బయలుదేరింది.

బస్సు కండక్టరు కాగితాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"ఇస్తా పెద్దమ్మా. ముందు ఈ అక్కాచెల్లెళ్ళు అసలెందుకు పోట్లాడుకున్నారో చెప్పు."

"నాకేం తెలుసురా? నేను చదివితేగా!"

"చదవకుండానే చుట్టేశావా? పాపం! మూడు రోజుల్నించీ నాకు నిద్ర లేదు. చివర మాత్రం తెలిసి మొదలు తెలియకపోవడం ఎంత నరకమో నీకేం తెలుసు."

"ఆదివారం కొట్టుకు రా. మొదలు దొరుకుతుంది. ముందు చివర ఇటివ్వు."

కుట్టుమిషను ఆవిడదీ అదే పాట. పళ్ళ డాక్టరు భార్య ఐతే కాగితం చేతికిచ్చాక కూడా గుమ్మం దాకా వెంటపడి, "పోనీ, తప్పు ఎవరిదో ఒక్కటీ కనుక్కుని చెప్పండి" అంది. 'తప్పు' అన్న మాట వినబడగానే పెద్దమ్మ ఉలిక్కిపడి, "నాదేనమ్మా" అనేసింది. ఆవిడ తెల్లబోయి చూసింది.

శనివారం పొద్దుటికి లెక్క తేలింది. నూట తొంభై తొమ్మిది. పెద్దమ్మ ఒక్కొక్కదాన్నీ పలచటి గుడ్డ కింద పెట్టి, వేడి తగ్గించిన ఇస్త్రీపెట్టెతో మడతలు పోగొట్టింది. మరిది రాత్రీ పగలూ కూర్చుని కుట్టాడు. ఇరవయ్యో ఇల్లు ఎవరిదో ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తుకు రాలేదు. ఒక్క ప్రతికి తోక లేకుండా పోయింది.

ఆదివారం సాయంత్రం కొట్టు కిటకిటలాడింది. ఇస్త్రీ చీరలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ నర్సమ్మ ముందుకు పెద్దమ్మ నడిచి వెళ్ళింది. మరిది నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది.

"అమ్మాయ్, నీ పుస్తకం ఆఖరి పేజీల్లో సబ్బులు చుట్టింది నేనే. నలభై రెండేళ్ళలో నా చేతి మీద ఇదే మొదటి తప్పు. నూట తొంభై తొమ్మిది వెనక్కి తెచ్చాను. ఒకటి తేలేకపోయాను."

నర్సమ్మ ఒక పుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి, ముఖం దగ్గర పెట్టుకుంది. నిమ్మగడ్డి గుబాళించింది.

"అన్ని పుస్తకాలూ ఇలాగే ఉన్నాయాండీ?"

"నిజం చెప్పాలంటే అన్నీ అంతే."

"ఆరేళ్ళూ ఒంటిమీది ఆస్పత్రి వాసనతో రాశానండీ దీన్ని" అని నర్సమ్మ నవ్వేసింది. "ఆఖర్న దానికి మంచి స్నానం చేయించారు."

వెనకనుంచి కండక్టరు, "ఆ వాసన సంగతి తర్వాత, నాకు మొదలు కావాలి, ముందు నాకివ్వండి!" అని అరిచాడు. కాగితాలు తిరిగిచ్చిన పందొమ్మిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ఒక్కరూ ఉత్త చేతులతో పోలేదు.

తోక లేని ప్రతిని పెద్దమ్మ తనే తీసుకుంది. "నా తప్పుకు నా లోటు. కథతో నాకేం పని, జ్ఞాపకానికి ఉంటుంది" అంది.

సోమవారం కొట్టుకు సెలవు. కోడలు బజారుకు వెళ్ళింది. మూడు రోజులు తిరిగి తిరిగి పెద్దమ్మ మోకాళ్ళు పట్టేశాయి. ఎవరూ చూడటం లేదు కదా అని తొట్టిలోంచి అచ్చులు తీసి, తోమి, వేడినీళ్ళు నింపింది. కోడలి ఉప్పు గుప్పెడు వేసింది. మెల్లిగా కాళ్ళు, నడుము, భుజాలు, ఒక్కొక్కటీ నీళ్ళలోకి దించి, "ఓసి దీని దుంపతెగ, ఇన్నాళ్ళూ ఇందులో చెక్కలు నానబెట్టానా!" అనుకుంది. ఉత్తినే కూర్చోవడం చేతకాదు గనక కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచింది.

మొదటి పది పేజీలు బడిపిల్లలా వేలు పెట్టుకుని చదివింది. ఆ తర్వాత వేలు మరిచిపోయింది. రెండుసార్లు నీళ్ళు మార్చింది. కింది అక్క మొండితనం చూసి "అచ్చం నేనే" అని ఒకసారి, "నేనంత కాదు" అని ఇంకోసారి అనుకుంది. కడకు అక్క మోకాళ్ళు పట్టుకుని మేడమెట్ల దగ్గర నిలబడింది. మొదటి మెట్టుమీద కాలు పెట్టింది. పేజీ తిప్పితే అట్ట.

"ఎక్కిందా లేదా?" అని పెద్దమ్మ ఖాళీ ఇంట్లో గట్టిగా అడిగింది. కండక్టరు నరకమేమిటో అప్పుడు తెలిసివచ్చింది.

తలెత్తింది. ఎదురుగా గోడ అరమీద సాక్షి సబ్బులున్నాయి. ప్రతి తట్టలోంచీ మొదటి సబ్బును చుట్టి, తేదీ రాసి, స్నానాల గది తేమలో ఏడాది పాటు ఉంచుతుంది. ఏడాదికి విప్పి చూస్తుంది: చెమ్మగిల్లిందా, రంగు మారిందా, వాసన నిలిచిందా. ఏడాది నిండకుండా సాక్షి సబ్బును ముట్టుకోకూడదు. నలభై రెండేళ్ళుగా తానే పెట్టుకున్న ఆజ్ఞ. వరుసలో ఆఖరిది, పోయిన సోమవారంది, నల్లటి చక్కటి అచ్చు కాగితంలో, నూలు దారంతో, వారం రోజులుగా ఆవిడనే చూస్తోంది.

ఇరవయ్యో ఇల్లు తనదే.

పెద్దమ్మ కాసేపు నవ్వింది. కాసేపు ఆలోచించింది. ఆజ్ఞ ఆజ్ఞే. కానీ ఏడాది దాకా ఆ మోకాళ్ళ మనిషిని మొదటి మెట్టుమీద నిలబెట్టడం ఎవరికి న్యాయం? తడిచేతిని తువ్వాలుకు తుడుచుకుని, అందుకుని, దారం లాగింది.

ఆ నాలుగు పేజీల్లో ఏముందో ఇక్కడ చెప్పడం భావ్యం కాదు. పుస్తకం కొట్టులో ఉంది.

తలుపు చప్పుడైంది. "అత్తయ్యా! ఎంతసేపయింది లోపలికి వెళ్ళి? బాగానే ఉన్నారా?"

"బాగుండటమేమిటే, బ్రహ్మాండంగా ఉన్నాను. ఇంకా రెండు పేజీలున్నాయి. నీళ్ళు చల్లారాయి గానీ, ఒక బిందె వేడివి కాచి పెట్టు. ఆ తర్వాత సూదీ దారం వెతికి ఉంచు."

"సూదీ దారం ఎందుకు?"

"పుస్తకానికి తోక కుట్టాలి."