కెరమెరి ఘాటు మీద మా ఆయన ఊపిరి

మాది సిరిసిల్ల. మా ఆయన ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు, నేనూ పక్కనే దారం పని చేశాను. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ఆ షెడ్లలో పొద్దంతా దూది నూగు ఎగురుతూనే ఉంటుంది. రెండేళ్లుగా ఆయనకు ఊపిరి అందడం లేదు. రెండు మాటలు చెప్పి ఆగుతాడు, మళ్లీ రెండు మాటలు. కరీంనగర్ డాక్టరు ఛాతీ ఫోటో చూసి నాతో ఉన్నమాట చెప్పాడు. "మందులు రాస్త గని, ముందుగాల ఆ నూగులకెల్లి బయటికి తీస్కపో. పది రోజులు మంచి గాలి తగలనియ్యి. ఊపిరి ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తది."

సాంచాల యజమాని, మా సేటు, ఊరుకోడని ఈయన పది రోజులకు ఒప్పుకోలేదు. నేను పొయ్యి ముట్టించనని మొండికేస్తే నాలుగు రోజులకు ఒప్పుకున్నాడు. జైనూరులో మా చెల్లె కొడుకు రాజేశం బడిపంతులు. అడవి, గుట్టలు, చల్లని గాలి. అక్కడికే బయలుదేరాం.

కార్తీక మాసం. పొద్దున ఆరింటి బస్సుకు కరీంనగర్, అక్కడి నుంచి పెద్దపల్లి. పదిన్నరకు రైలు వచ్చింది. మా ఎదురుగా ఒళ్లో గంప పెట్టుకొని ఒకామె కూర్చుంది.

"ఏడికి పోతుండ్రక్కా?"

"గుట్టలు సూడనీకి."

"అయ్యో, గుట్టలు సూడనీకి గూడ టికెట్ తీస్కుంటరా?" అని రైలు డబ్బా అంతా వినేలా నవ్వింది.

మా ఆయన కూడా నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. మంచిర్యాల దాకా ఆ దగ్గు ఆగలేదు. ఇంటికి మళ్లుదామా అని నేను రెండుసార్లు అనుకున్నాను.

ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనులో దిగి, బస్సులో ఊళ్లోకి వచ్చేసరికి రెండయింది. పోయేవాళ్లు ఇక్కడే కడుపునిండా తినండి, ముందు సరైన హోటలు దొరకదు. మూడింటికి జైనూరు బస్సు. కెరమెరి దాటాక ఘాటు మొదలవుతుంది. ఒకవైపు గుట్ట, ఒకవైపు లోయ. కిటికీలకు అద్దాలు లేవు, గాలి దూసుకొచ్చింది. ఆయనకు ఏమీ కాలేదు. గాలి ఆయనకు పడుతుందని అప్పుడే నాకు తెలియాల్సింది.

మరునాడంతా రాజేశం ఇంటి అరుగు మీదే ఉన్నాం. జొన్నరొట్టె, పప్పు. ఇంట్లో మూడు దిండ్లు ఎత్తు పెడితే గాని పడుకోలేని మనిషి ఇక్కడ ఒక్క దిండుతో నిద్రపోయాడు. అంతటితో ఊరుకోవాల్సింది నేను. ఊరుకోలేదు. ఘాటును జీపులో నిదానంగా పోయి చూద్దామన్నాను.

"ఈడ మంచిగున్నది గదనే," అన్నాడాయన.

"ఇంత దూరమొచ్చి అరుగు సూస్కుంట కూసుంటవా?"

మూడోరోజు పొద్దున ఏడింటికి రాజేశం మాట్లాడిపెట్టిన డ్రైవరు ఖాదర్ జీపు తెచ్చాడు. రాజేశానికి బడి ఉంది, రాలేదు. కొండలు బాగా కనబడతాయని నేను ముందు కూర్చున్నాను, కాళ్లు చాపుకుంటానని ఆయన వెనక ఎక్కాడు. ఘాటు దిగేటప్పుడు ఎండ అప్పుడే లోయలోకి జారుతోంది. టేకు చెట్ల మీద మంచు, కింద పల్లెల చుట్టూ తెల్లగా విచ్చిన పత్తి చేన్లు. ఒకచోట జీపు ఆపించి ఆయన చాలాసేపు చూశాడు. "దూది ఈడ ఎంత మంచిగున్నది," అన్నాడు.

కెరమెరిలో చాయ్ తాగి తొమ్మిదిన్నరకు మళ్లీ ఘాటు ఎక్కడానికి బయలుదేరాం. గాలి గట్టిగా వీస్తోంది. జీపు వెనక పరదా టపటపా కొట్టుకుంది. ఇక్కడ మేము చేసిన పని ఏ రైతూ చేయడు. షెడ్లలో మేము కిటికీలు తెరవం, గాలి తగిలితే దారాలు తెగుతాయి. ముప్పై ఏళ్ల అలవాటు, చెంపకు గాలి తగిలితే చెయ్యి మూయడానికే పోతుంది. "పరదా కట్టు," అన్నాడాయన. జీపు ఆపించి నేను దిగి, వెనకా పక్కలా తాళ్లు లాగి, దారం అతికే మా ముడులే వేసి కట్టేశాను.

"గాలి రానియ్యొచ్చు గద చాచీ?" అన్నాడు ఖాదర్.

"నువ్వు బండి నడుపు," అన్నాను.

రెండో మలుపులో మా ముందుకు లారీ వచ్చింది. నల్లటి పొగ, ఎర్ర దుమ్ము. అదంతా పరదా సందుల్లోంచి లోపలికి దూరింది, బయటికి పోయే దారి లేదు. నేను కొండలు చూస్తున్నాను. ఎందుకో ఖాదర్ ముందున్న అద్దంలోకి చూస్తే మా ఆయన చెయ్యి కనబడింది. రెండు వేళ్లు కత్తెరలా తెరిచి మూస్తున్నాడు. సాంచాల చప్పుడులో మాట వినపడదు, దారం తెగితే సాంచ ఆపమని అట్లా చూపుతాం.

"ఆపు!" అని అరిచాను.

"ఈడ ఆపరాదు చాచీ! బండి ఎనుకకు జారుతది. గా మలుపు దాక జర ఓపిక పట్టు."

సీటు మీది నుంచి వెనక్కి దూకినంత పని చేశాను. ముడి పట్టుకొని లాగాను. మా ముడి లాగితే విడిపోదు, ఇంకా బిగుస్తుంది. పళ్లతో కొరికాను. ఆయన పెదవులు నీలంగా అయ్యాయి, కళ్లు నన్నే చూస్తున్నాయి. ఆ మలుపు ఎంతకీ రాలేదు.

జీపు ఆగగానే ఖాదర్ చక్రం కింద రాయి పెట్టి, కత్తితో తాళ్లు కోసేశాడు. ఆయనను దింపి గట్టు మీద ముందుకు వంచి కూర్చోబెట్టాడు.

"చాచా, నన్ను సూడు. దీపం ఆర్పినట్టు ఊదు. పీల్చకు, ముందుగాల ఊదు. మా అబ్బాకు గూడ గిదే దమ్ము ఉండె."

ఊదాడు. మళ్లీ ఊదాడు. నాకు కొండలు కనబడలేదు, లోయ కనబడలేదు. ఆయన పెదవులే చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి రంగు మారింది.

"ముడి... గట్టిగనే... ఏసినవు," అన్నాడు.

ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. ఖాదర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మరునాడు అరుగు దాటలేదు. ఐదోరోజు తిరుగు ప్రయాణం. బస్సులో పరదా లేదు, కిటికీ పక్కన ఆయన, ఇవతల నేను. రైలులో బెల్లంపల్లి దగ్గర బొగ్గుబాయిలో పనిచేసే ఒకతను ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు. మా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. టేకు చెట్లు, మంచు, పత్తి చేన్లు, ఖాదర్. ఆగకుండా చెప్పాడు. రెండేళ్లలో ఆయన అన్ని మాటలు కలిపి చెప్పగా నేను వినలేదు. జైనూరు గుట్టలు ఎట్లా ఉంటాయని ఎవరన్నా అడిగితే నేను చెప్పేది అదే. పోండి, కాని పరదా తీసి పోండి.

చివర ఆయన, "ఇగ నాకేం ఫికర్ లేదు. సోమారం సాంచ ఎక్కుత," అన్నాడు.

ఎదుటి అతను మా ఆయన్ని కాసేపు చూశాడు.

"నేను గూడ... రెండుసార్లు... సెలవు పెట్టి... మంచిగైన అన్నా," అన్నాడు. ఆగి, కిటికీ చువ్వ పట్టుకొని ఊపిరి తీసుకున్నాడు. "రెండుసార్లు... మల్ల బాయిల దిగిన."

మంచిర్యాలలో దిగిపోయాడు. ప్లాట్‌ఫారం మీద నాలుగు అడుగులు వేసి, స్తంభం ఆనుకొని నిలబడ్డాడు. రైలు కదిలేదాకా మా ఆయన అతన్నే చూశాడు.

పెద్దపల్లి వస్తుండగా సంచి భుజాన వేసుకొని లేచి, నా వైపు చూడకుండా అన్నాడు.

"సోమారం రానని సేటుకు నువ్వే చెప్పు. నాతోని గాదు."