పెళ్లికొడుకు ఎంచిన కడ్డీ

మా అన్న తన టాక్సీ పైకప్పు కోయించింది నా పెళ్లి కోసం. కారు ముసలిదే. కానీ కొత్తగూడెం స్టేషన్లో దిగిన జనాన్ని భద్రాచలం గుడికి చేరవేస్తూ మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేది. పెళ్లివారిది ములకలపల్లి పక్కన ఊరు, అబ్బాయికి గుమాస్తా ఉద్యోగం. ఖమ్మంలో ఎవరి బరాత్‌లోనో పైకప్పు లేని కారు చూసొచ్చాడట, తనకూ అలాంటిదే కావాలన్నాడు. కిరాయికి తెస్తామంటే వాళ్లమ్మ మూతి ముడిచింది.

"ఇంట్ల కారు పెట్టుకొని కిరాయి బండెందుకు? ఉన్నదాన్నే కోయిస్తే అయిపాయె" అంది ఆ మహాతల్లి.

అన్న కాదనలేదు. ఆడపిల్ల తరఫువాడు, కాదనే నోరు వాడికెక్కడిది? వానాకాలం అడవి దారిలో పైకప్పు లేని టాక్సీ ఎవరూ ఎక్కరని వాడికీ తెలుసు. నా పెళ్లయ్యాక బరాత్‌లకు తిప్పుకుని బతుకుతానని తనకు తానే నచ్చచెప్పుకున్నాడు.

కోసిన మర్నాడు నేను అన్నకు అన్నం డబ్బా తీసుకుని షెడ్డుకు వెళ్లాను. మెకానిక్ నన్ను కారు వెనక సీట్లో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అన్న డోరు వేయబోతే పడలేదు. నేను దిగితే పడింది. మళ్లీ ఎక్కితే మళ్లీ పడలేదు.

"చెప్పుల డబ్బ మూత తీసి రెండు చేతుల పట్టి మెలిపెట్టు, గట్లనే ఉంటది ఇగ," అన్నాడు మెకానిక్ నోట్లో గుట్కా పక్కకు తోసి. "టాప్ పోయింది, బలం పోయింది. ఇనుము ఎయ్యాలె."

ఇనుము ఎక్కడెక్కడ వేయొచ్చో చూపించాడు. బానెట్ కింద, ముందు చక్రాల షాకబ్జర్ల తలలు రెండింటినీ కలుపుతూ ఒక కడ్డీ. దాంతో ముందు భాగం వణకదు, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది, అంతే. డోర్లు నిలవాలంటే మాత్రం కారు అడుగున ఇంటూ గుర్తులాగా ఇనప చానెళ్లు బిగించాలి, ముందు సీట్ల వెనక ఈ పక్క పిల్లర్ నుంచి ఆ పక్క పిల్లర్‌కు అడ్డంగా లావు పైపు వేయాలి. అన్న సరేనన్నాడు. పైపుకు కొలత కూడా తీసుకున్నారు.

అంతలో పెళ్లికొడుకు బైకు దిగాడు. షెడ్డంతా లేచి నిలబడింది. మెకానిక్ తన తువ్వాలుతో కుర్చీ తుడిచాడు, అన్న కూల్‌డ్రింకు తెప్పించాడు. ఆయనగారు తాగుతూ కారు చుట్టూ తిరిగాడు.

"ఈ అడ్డ పైపేంది బామ్మర్దీ? మేకలను తోలుకపోతున్నవా? వీడియోల మా మొకాలు కనపడొద్దా?"

"అది లేకుంటే డోర్లు పడయ్ బావా," అన్నాడు అన్న. "పోనీ, కింద చానెళ్లన్నా ఏద్దాం."

"మా ఊరి రోడ్డు నీకెరుకేనా? గుంతల్ల తగుల్తయ్. పెండ్లినాడు నన్ను ఎడ్లతోని గుంజిస్తవా?"

అడుగున చానెళ్లున్న జీపులు అదే రోడ్డు మీద వెదురు మోస్తూ రోజూ తిరుగుతాయి. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. పెళ్లికొడుక్కి నచ్చింది ముందు కడ్డీ. దానికి క్రోమ్ పూత పెట్టించమన్నాడు, బానెట్ ఎత్తి దోస్తులకు చూపించుకోవచ్చని. ఇందాక అంత చెప్పిన మెకానిక్ కూడా "అల్లుడుగారు చెప్పినంక ఇంకేమున్నది" అని ఆ కడ్డీ ఒక్కటే బిగించాడు.

మా దగ్గర అంతే. పెళ్లి ఖాయమయ్యాక కూరలో ఉప్పుకైనా, కారులో ఇనుముకైనా పెళ్లికొడుకు మాటే చెల్లుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సీట్లో కూర్చుని డోరు పడకపోవడం కళ్లారా చూసినదాన్ని నేను. నోరు తెరవబోతుంటే అన్న నా వంక చూసిన చూపుకు ఆగిపోయాను.

చర్చిలో పెళ్లి బాగానే జరిగింది. మేం ఎక్కాక అన్న డోర్లను భుజంతో తోసి తోసి పడేశాడు, వాళ్ల ఊరిదాకా కారు మూలుగుతూనే వచ్చింది. ఊరి మొదట్లో బ్యాండు కలిసింది. నా మొగుడి దోస్తులు డిక్కీ మీదా, అంచుల మీదా ఎక్కి చిందులేశారు. దిగమని అన్న బతిమాలితే "డ్రైవర్‌వు, డ్రైవర్ లెక్కుండు" అన్నాడొకడు. నా మొగుడు నా పక్కనే కూర్చుని నవ్వాడు. కాళ్ల కింద రేకు కిర్రుమంటూ కుంగడం నాకు తెలుస్తూనే ఉంది.

ఇంటి ముందు ఆగేసరికి డోర్లన్నీ బిగుసుకుపోయాయి. అన్న పైనుంచి దిగి గుంజాడు, భుజంతో నెట్టాడు, ఒక్కటీ రాలేదు. నా మొగుడు సూటు సర్దుకుని డోరు మీదుగా దూకేశాడు. దోస్తులు ఈలలు వేశారు. నాకు చెయ్యి కూడా అందించలేదు. తెల్ల పట్టుచీర, నెత్తిన ముసుగు, చేతిలో పూలగుత్తితో నేనెక్కడ దూకను? అన్న నన్ను ఎత్తి దించబోయాడు. మా అత్త అడ్డొచ్చింది.

"గోడ దుంకిన దొంగ లెక్క నా ఇంటికి రావొద్దు. డోరు తీసుకొనే రావాలె."

గడపలో ప్రార్థన చేయడానికి పాస్టరుగారు బైబిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మీరు కానియ్యుండ్రి అయ్యగారూ. ఆమెకు ఆడికి ఇనపడతది."

ఆయన కాస్త తటపటాయించి కళ్లు మూసుకున్నారు. కొత్త జంటను దీవించమని ప్రార్థన. జంటలో ఒకరు గడపలో, ఒకరు ఎండలో, కారులో. అది సాగినంతసేపూ అన్న డోరు సందులో గడ్డపార పెట్టి ఒత్తుతూనే ఉన్నాడు. ఆమెన్ అన్నాక నా మొగుడు నడిచివచ్చి అన్న చెంప మీద కొట్టాడు. పెద్ద దెబ్బేం కాదు. చిన్నపిల్లాణ్ని కొట్టినట్టు, అందరూ చూసేలా కొట్టాడు.

"నా ఇజ్జత్ తీసినవ్ గదరా. గిదొక బండా?"

క్రోమ్ కడ్డీ ఊసు ఎవరూ ఎత్తలేదు. అన్న మళ్లీ గడ్డపార ఒత్తాడు. ఈసారి డోరు కీళ్లతో సహా ఊడి వాడి చేతిలోకి వచ్చింది.

"దిగితే దిగుమను. లేకుంటే గా బండిలనే వాపస్ తోలుకపో," అన్నాడు నా మొగుడు.

నిజం చెప్తున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. "పోదాం పా అన్నా," అన్నాను, వాడికి మాత్రమే వినపడేలా. "బండి తియ్."

వాడి చెంప ఇంకా ఎర్రగానే ఉంది. చేతిలోని డోరు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. వాళ్లకు దండం పెడుతున్నాడనుకున్నాను. నాకు పెట్టాడు.

"దిగమ్మా," అన్నాడు. "నీ కాళ్లు మొక్కుత, దిగు."

దిగాను.