ఏటో అనే దేవుడు

నా చిన్నప్పుడు అంటే మరీ రాజుల కాలమేమీ కాదు. సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులోంచి సగం పైకి కనిపించేలా పెట్టుకు తిరిగే రోజులు. అయినా మా స్కూలు పిల్లల లెక్కలో నేను ఏనాడో పెద్దదాన్నైపోయాను. సరే, ఆ పెద్దరికంతోనే చెబుతున్నాను, వినండి.

మా నాన్న అనకాపల్లిలో ఆటో నడిపేవాడు. రైలు దిగినవాళ్ళలో ఎవరు బెల్లం మార్కెట్‌కి వెళతారో, ఎవరు కొండకి వెళతారో మొహం చూసి చెప్పగలనని ఆయన గొప్ప. ఊరికి కాస్త ఎడంగా, బౌద్ధుల కాలంలో రాతిని తొలిచిన గుహలున్న కొండ ఉంది. ఒక వేసవిలో ఆ కొండ కోసమని ఒక బెంగాలీ పెద్దావిడ ఆయన ఆటో ఎక్కింది. ముతక నూలు చీర, భుజాన గుడ్డసంచి, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. లాడ్జి గదిలో ఉక్క భరించలేక, మా ముందుగదిలో ఇరవై రోజులు అద్దెకుంటానంది. మా అమ్మ పెట్టిన చేపల పులుసు వాసనే ఆవిణ్ణి ఆపిందని నాన్న అనేవాడు.

ఆవిడ పని పాత శిల్పాల చరిత్ర రాయడం. మేమంతా మామ్మగారూ అని పిలిచేవాళ్ళం. చదువుకునే రోజుల్లో హాస్టల్ గదిలో పక్కమంచం తెలుగమ్మాయి దగ్గర మన భాష నేర్చుకుందట. నేర్చుకుంది గానీ, నోరు మాత్రం బెంగాల్లోనే ఉండిపోయింది. అనకాపల్లిని 'ఒనోకాపొల్లి' అనేది, విగ్రహాన్ని 'బిగ్రహం' అనేది. నేను వెనకాల అనుకరించి చూపిస్తే అమ్మ కళ్ళురిమేది. ఆవిడ వినేసి, ఇంకోసారి అనమని అడిగి మరీ నవ్వేది.

సాయంత్రాలు అరుగు మీద కూర్చుని తన సంగతులు చెప్పేది. వాళ్ళ నాన్న నది ఒడ్డున చిన్న ఊళ్ళో ఫొటో స్టూడియోలో పనిచేసేవాడట. ఫొటోల మీది మచ్చల్ని సన్నటి కుంచెతో దిద్దే పని. పక్కన కూర్చుని ఆయన చేతిని చూడటమే తన మొదటి చదువంది. తరవాత కాలేజీ, ఆ తరవాత ఒంటరిగా నోటుపుస్తకం పట్టుకుని కొండలూ గుట్టలూ ఎక్కడం. ఎక్కడికెళ్ళినా కాపలావాళ్ళు 'మీ సారేరమ్మా?' అని అడిగేవారట. 'సారు నేనే' అనడం అలవాటు చేసుకున్నానని చెప్పింది. ఆ మాట ఆవిడ అంటుంటే నాకు భలే గర్వంగా ఉండేది, నేనే అన్నట్టు.

వేసవి సెలవులు కదా, నాన్న ఆటోలో నన్నూ కొండకి రమ్మంది. ఇంకెక్కడికైనా పిలిస్తే ఎగిరి గంతేసేదాన్ని. ఆ కొండ పేరు వింటేనే నాకు గుండెల్లో రాయి పడేది. ఎందుకో చెప్పాలి.

మెట్లెక్కే దారిలో పొట్ట ముందుకొచ్చిన రాతిబొమ్మ ఒకటుంది. వాడు రాక్షసుడని, కనుమ నాడు జనం రాళ్ళతో కొట్టేవారు. మాది చర్చికెళ్ళే ఇల్లే అయినా, ఆ ఏడు పక్కింటి పిల్లలు వెళుతుంటే నేనూ తోక పట్టుకుని వెళ్ళాను. అందరి రాళ్ళూ అటూ ఇటూ పడ్డాయి. నాది ఎడమ చెవికి తగిలింది. చెవి సగం ఊడి కింద పడింది. పిల్లలు ఈలలు వేశారు. నాకు మాత్రం పక్కనే ఉన్న నీలం బోర్డు కనబడింది. పాడుచేస్తే జరిమానా, జైలు అని రాసుంది దాని మీద. ఆ శనివారమే ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనంలో చెప్పేసుకున్నాను. మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు, చెప్పాను. పాపం పోయింది గానీ చెవి మాత్రం రాలేదు.

మామ్మగారు సరాసరి ఆ బొమ్మ దగ్గరికే నడిచింది. సంచిలోంచి అంచులు పసుపెక్కిన పాత నోటుపుస్తకం తీసింది. పడుచుతనంలో మొదటిసారి వచ్చినప్పుడు పెన్సిల్‌తో వేసుకున్న బొమ్మలవి. అందులో మా రాక్షసుడికి రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నాయి. ఆవిడ బొమ్మనీ రాయినీ మార్చి మార్చి చూసింది. విరిగినచోట వేలితో తడిమి, ఈ దెబ్బ కొత్తదంది. వానా, పిడుగా అని నాన్నని అడిగింది.

మా నాన్నకి తెలీదు అనడం చేతకాదు.

"తుపానండి మామ్మగారూ. దీపావళి ముందొకటి కొట్టింది. మా ఇంటి రేకులే లేసిపోయేయి, దీని సెవెంత!" అన్నాడు.

ఆవిడ తల ఊపి, కొత్త పుస్తకంలో 'తుపాను' అని రాసుకుంది. ఆ పెన్సిల్ కదిలినంతసేపూ నేను నీలం బోర్డు వైపే చూశాను. అబద్ధం ఆడింది నేను కాదు. కానీ అది అబద్ధమని ఆ కొండ మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం గుహ నీడలో అన్నాలు తింటుంటే, ఈ కొండకి మళ్ళీ ఎందుకొచ్చిందో చెప్పింది. మొదటిసారి వచ్చినప్పుడు చెరుకుతోటలోంచి వస్తున్న ఒకతన్ని ఆపి, ఈ బొమ్మ ఏమిటని అడిగిందట. అతను బుర్ర గోక్కుని "ఏటో!" అనేసి పోయాడట. ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. తన మొదటి పుస్తకంలో, ఇక్కడి జనం ఈ దేవుణ్ణి 'ఏటో' అని పిలుస్తారు అని అచ్చు వేయించింది.

నాన్నకి పొలమారింది. అమ్మ కట్టిచ్చిన పులిహోర ముక్కులోకెక్కి, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వాడు. ఆవిడా నవ్వింది గానీ, మిగతాది చెప్పేసరికి మా నవ్వు ఆగిపోయింది. ఆ పుస్తకం చూసి ఇంకొకాయన 'ఏటో' అడవిజాతుల పురాతన దైవమని రాశాడట. మరొకాయన ఆ పేరుకి సంస్కృతంలో మూలం కనిపెట్టాడట. చాలా ఏళ్ళకి, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక శిష్యురాలు క్లాసులో పకపకా నవ్వి, ఏటో అంటే 'ఏమిటో, నాకేం తెలుసు' అని అర్థమని చెప్పిందట. అప్పటికి మామ్మగారికి పేరొచ్చేసింది. పేరు పోతుందని నోరు మూసుకుంది. ఇప్పుడు రాస్తున్నది ఆఖరి పుస్తకం, ఇందులోనైనా ఒప్పుకోవాలని ఆవిడ పట్టుదల. తోటివాళ్ళందరూ, ఎవరు పట్టించుకుంటారు వదిలెయ్యమంటున్నారట.

"మాట పుస్తకం ఎక్కితే దించడం కొష్టం తల్లీ," అంది నా వైపు చూసి. నా సంగతి తెలిసి కాదు, ఊరికే చూసింది.

నేను లేచి నిలబడ్డాను. తుపాను కాదు, నేను, అన్నాను.

నాన్న చెయ్యి లేచింది. మామ్మగారు ఆ చేతిని మధ్యలోనే పట్టుకుని కిందికి దించింది. నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. పుస్తకం తెరిచి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ రోజు? ఎన్నో మెట్టు మీద నిలబడ్డావు? రాయి ఎంత? ఏ చెయ్యి? అదే మెట్టు మీద నిలబెట్టి, చెయ్యి ఎలా తిప్పానో చూపించమంది. ఏడుపు మధ్యలో అన్నీ చెప్పాను. ఎందుకు కొట్టావంది. రాక్షసుడన్నారు అన్నాను. ఎవరన్నారంది. అందరూ అన్నాను. మరి వాళ్ళకెవరు చెప్పారంది.

"ఏటో!" అన్నాను.

ఒక్క క్షణం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తరవాత ఆవిడ నవ్విన నవ్వుకి గుహలోని గబ్బిలాలు లేచాయి.

నేను రబ్బరు ఇస్తానని జేబులో చెయ్యి పెట్టాను, 'తుపాను' అన్నది చెరుపుతుందని. వద్దంది. ఆ మాట మీద అడ్డంగా ఒక్క గీత గీసి, పక్కన అసలు సంగతి రాసింది. కింద ఉన్న మాట ఇంకా చదవడానికి వస్తూనే ఉంది. తప్పుని చెరపకూడదట, కొట్టేయాలట. ఎక్కడ తప్పామో కనబడితేనే వెనకొచ్చేవాళ్ళకి దారి తెలుస్తుందంది. జైలుకి పంపుతారా అని అడిగితే, తను అంత పెద్ద తప్పు చేసి బయటే తిరుగుతోంది కదా అంది. మరి ఈ బొమ్మ నిజంగా ఎవరు మామ్మగారూ అంటే, అంత చదువుకున్న మనిషి, ఆ రాతి పొట్టని ప్రేమగా నిమిరి, మన యాసలోనే "ఏటో" అంది.

నేను ఇంటర్ చదువుతుండగా ఆ పుస్తకం పోస్టులో వచ్చింది. అంతా ఇంగ్లీషు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మా కొండ పేజీ పట్టుకున్నాను. తన మొదటి పుస్తకంలోది తప్పనీ, ఏటో అంటే తెలియదనీ, ఈ బొమ్మ గురించి ఇంతవరకూ ఎవరైనా చెప్పిన నిజం ఆ ఒక్క మాటేననీ రాసింది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. ఎడమ చెవి, కనుమ నాడు మూడో మెట్టు మీద నిలబడి పదేళ్ళ పాప విసిరిన రాయికి విరిగింది, ఆ సంగతి ఆ పాపే చెప్పింది, అని. పేరు రాయలేదు. నాన్న మాత్రం మా అమ్మాయి పుస్తకంలో పడిందని ఆటో ఎక్కినవాళ్ళందరికీ చూపించేవాడు, ఎందుకు పడిందో చెప్పకుండా.

ఇప్పుడు నేను సోషల్ టీచర్‌ని. నా టేబుల్ మీద వైట్‌నర్ ఉండదు. పిల్లలు తప్పు రాస్తే ఒక్క గీత గీసి పక్కన రాయమంటాను. తెలియనిదానికి "ఏటో టీచర్" అన్నవాణ్ణి నిలబెట్టను, నేనే చాలాసార్లు ఆ మాట అంటాను. ఏటా ఒకసారి మా క్లాసుని ఆ కొండకి తీసుకెళతాను. మూడో మెట్టు దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఈ బొమ్మ చెవి ఎవరు విరగ్గొట్టేరు టీచర్ అని.

ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఏటో అనను. "నేనే," అంటాను.